సూర్యుడి మీదికి నెట్టిన తప్పు

నాంపల్లి స్టేషన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సన్న గల్లీలో, టైర్ల దుకాణానికీ ఇరానీ హోటల్ వెనక గోడకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది విద్యావతి రేడియో రిపేర్ల షాపు. ఈ రోజుల్లో రేడియోలు ఎవరు బాగుచేయించుకుంటారని మీరు అడగొచ్చు. మిక్సీలు వస్తాయి, ఇస్త్రీ పెట్టెలు వస్తాయి, గుళ్లలోని మైకుసెట్లు వస్తాయి. బోర్డు మీద మాత్రం వాళ్ల నాన్న సదాశివ రాయించిన ‘రేడియో’ అన్న మాటే ఉంది. దాన్ని మార్చే ఉద్దేశం ఆమెకు లేదు.

పొద్దున తొమ్మిదింటికి షట్టరు ఎత్తగానే ఆమె చేసే మొదటి పని సెల్‌ఫోన్‌లో సూర్యుడి లెక్క చూడటం. సూర్యుడి అలజడి భూమిని ఎంత కుదిపిందో చెప్పే అంకె ఒకటి రోజూ వస్తుంది, సున్నా నుంచి తొమ్మిది దాకా. ఐదూ ఆపైన అయితే తుఫాను కింద లెక్క. ఆ అంకె చూసి, నాన్న నాటి పాత రిసీవరు పెట్టి షార్ట్‌వేవ్‌లో ఒకసారి అటూ ఇటూ తిప్పి విని, నోట్‌బుక్కులో రాసుకుని, ఒక మనిషికి మెసేజ్ పంపుతుంది. చాలాకాలం అది ‘ఈ రోజు శాంతం’ అని గానీ, ‘ఈ రోజు తుఫాను’ అని గానీ ఉండేది. రెండు నీలి టిక్కులు పడేదాకా ఫోను కింద పెట్టదు.

ఆ మనిషి పేరు వామన్‌రావు. నలభై ఆరేళ్ల జీవితంలో ఆమె అంతగా ద్వేషించిన మనిషి ఇంకొకడు లేడు. ద్వేషించే మనిషికి రోజూ పొద్దున్నే సేవ చేయడమేమిటంటే, అదే ఈ కథ.

విద్యావతి పదిహేడేళ్లు ఆబిడ్స్‌లో జగన్మోహనరావు గారి పట్టుచీరల కొట్టులో పనిచేసింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. పెద్ద కొట్టు, ఆమె కాక పందొమ్మిది మంది పనివాళ్లు. పట్టు సెక్షనులో చీర కొంగు వేళ్ల మధ్య నలిపి చూసి అది ఏ ఊరి మగ్గమో చెప్పేది విద్యావతి. పెళ్లివాళ్లు లోపలికి వస్తూనే “విద్యమ్మ ఉన్నదా?” అని అడిగేవాళ్లు. లేదంటే రేపొస్తామని తిరిగి వెళ్లిపోయేవాళ్లు కూడా ఉండేవాళ్లు.

ఒక శనివారం రావుగారి భార్య ఆ సెక్షనులో నాలుగైదు చీరలు భుజాన వేసి అద్దంలో చూసుకుంది. ఇంటికి వెళ్లాక చూసుకుంటే ఒక చెవికి రవ్వల దుద్దు లేదు. మరునాడు కొట్టుకు సెలవు. రావుగారు నాంపల్లి నుంచి వామన్‌రావును పిలిపించి అంజనం వేయించాడు. తమలపాకు మీద నల్ల కాటుక పట్టించి, దీపం ముందు పెట్టి, అందులోకి చూసి పోయిన వస్తువు ఎవరు తీశారో చెప్పడం వామన్‌రావు వృత్తి. అరగంట ఆకులోకి చూసి, “పట్టుచీరల నడుమ నిలబడే ఆడమనిషి. ఎడమ చేతికి వాచీ ఉన్నది” అన్నాడు. ఆబిడ్స్‌లో వాచీ పెట్టుకునే వాళ్లంతా ఎడమ చేతికే పెట్టుకుంటారన్న సంగతి రావుగారికి ఆ పూట తట్టలేదు. ఆ సెక్షనులో ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు. రెండో మనిషి రశ్మికి వాచీ లేదు.

సోమవారం పొద్దున పందొమ్మిది మందినీ నిలబెట్టి ఆయన అన్నాడు. “మీరు తీశారని నేననటం లేదు విద్యావతీ. అంజనంలో మీరే కనపడ్డారు. ఇహ నేనేం చేసేది? బ్యాడ్జీ అక్కడ పెట్టి వెళ్లండి.”

ఆమె బ్యాడ్జీ పెట్టలేదు. పిన్ను ఊడదీసి గుప్పిట్లో బిగించింది. అరచేతిలో పిన్ను గుచ్చుకున్నా గుప్పిట విప్పలేదు. అంతమందిలో కదిలింది ఒక్క బుజ్జమ్మే. కొట్టు ఊడ్చే మనిషి. గ్లాసుతో నీళ్లు తెచ్చి, “తాగమ్మా, మొహం పీక్కుపోయింది” అంది.

తర్వాత కోఠిలో అడిగింది, హిమాయత్‌నగర్‌లో అడిగింది. చీరల కొట్లవాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఆమె కంటే ముందు ఆమె కబురు చేరేది. ‘అంజనంలో పడ్డ మనిషి’ అనేవాళ్లు. దొంగ అంటే ఏం దొంగిలించానని అడగొచ్చు, పోలీసుల దగ్గరికి పదమనొచ్చు. అంజనంలో పడ్డ మనిషి ఎవరిని అడగాలి? చివరికి నాన్న షాపులోకి వచ్చి కూర్చుంది. సోల్డరింగ్ చిన్నప్పుడే నేర్చుకుంది కాబట్టి పూట గడిచింది. సదాశివ అప్పటికే మంచం పట్టాడు. చూడటానికి వచ్చిన పాత గిరాకీ ఒకాయన, “మీ బిడ్డె మీద ఏందో అంటున్నరు, నిజమేనా సదాశివా?” అని అడిగాడు. సదాశివ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ నెలలోనే పోయాడు.

ఆయన పోయిన పదిహేను రోజులకు రశ్మి ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. “అక్కా, దుద్దు దొరికింది! కంచిపట్టు చీర ఒకటి పెళ్లికూతురికని ఇప్పితే మడతలకెళ్లి కింద పడ్డది. జరీకి కొక్కెం తట్టుకున్నది. అందరం చూసినం.”

“సారు ఏమన్నడు?” అంది విద్యావతి.

“వామన్‌రావుకు ఫోన్ చేసి అడిగిండు. గా దినం సూర్యునిల తుఫాను లేచిందంట. దాంతోని లో ఫ్రీక్వెన్సీ తరంగాలేవో ఎక్కువైనయంట, అంజనంల ఒకరి బదులు ఇంకొకరు కనబడ్డరంట. సారు సరే అన్నడు. ఈ ముచ్చట బయట మాట్లాడొద్దని మాకు చెప్పిండు. నిన్ను పిలుస్తడేమో అనుకున్న అక్కా.”

పిలవలేదు. వారం చూసింది, నెల చూసింది. తప్పు సూర్యుడిదట! పదిహేడేళ్ల కొలువూ, పేరూ, నాన్న ఆఖరి రోజులూ, అన్నీ కోట్ల మైళ్ల అవతల మండుతున్న ఒక నిప్పుల ముద్ద మీదికి నెట్టేసి ఇద్దరు మగవాళ్లు చేతులు దులుపుకున్నారు. అంజనం వేసిన ఆ రోజు తేదీ ఆమెకు బాగా గుర్తు. పాత లెక్కలు తీసి చూసింది. అంకె ఒకటి. సూర్యుడు పసిపిల్లాడిలా నిద్రపోయిన రోజది.

సూర్యుడి సంగతి ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు షార్ట్‌వేవ్‌లో దూరదేశాల స్టేషన్లు ఉన్నట్టుండి మాయమైతే సదాశివ నవ్వి, “సూర్యునికి జ్వరమొచ్చిందే విద్యా, రేపటికి తగ్గుతది” అనేవాడు. సూర్యుడి జ్వరం రేడియోకు తగులుతుందని ఆమెకు తెలుసు. మనిషి చూపుకు తగులుతుందో లేదో తెలియదు. తెలుసుకోవాలనుకుంది. ఊరికే వెళ్లి తిట్టిపోస్తే వామన్‌రావు ఇంకో తరంగం పేరు చెప్పి తప్పించుకుంటాడు. తప్పించుకునే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసి, ఆఖరున గోడకు ఆనించి నిలబెట్టాలి. తనను దొంగన్న ఆ కొట్టులోనే, ఆ పందొమ్మిది మంది ముందే, తను దొంగ కాదని రావుగారి నోట పలికించాలి. అంతకు తక్కువ దేనికీ ఆమె ఒప్పుకోదలుచుకోలేదు.

ఒక సాయంత్రం వామన్‌రావు గదికి వెళ్లింది. స్టేషను వెనక మేడ మీద గది. గోడ మీద భగభగలాడే సూర్యుడి ఫోటో, దాని కింద దేవుడి పటం, పక్కన ‘సౌర తుఫాను దినాలలో అంజనం చూడబడదు’ అన్న బోర్డు. గుమ్మంలో ఆమె ఒకసారి ఆగింది. ఎంతైనా తనను ‘చూసిన’ మనిషి. గుర్తుపడితే పని మొదట్లోనే చెడుతుంది.

వామన్‌రావు తలెత్తి చూశాడు. “రాండ్రి అమ్మా. ఏం పోయింది?”

పేరు పోయింది అనబోయి నాలుక కరుచుకుంది. ఎడమ చేతి వాచీ కొంచెం ముందుకు పెట్టి మరీ కూర్చుంది. ఆయన గుర్తుపట్టలేదు. ఏ చూపుతో తన బతుకు చెడగొట్టాడో ఆ చూపు తన ముఖాన్నే ఎరగదు. ఆ మంట కడుపులో దాచుకుని, “రేడియో పని నాది సార్. నన్ను విద్య అంటరు. సూర్యుని లెక్క నాకెర్క. పొద్దున్నే మీకు ఫోన్‌ల పంపుతా” అంది.

ఆయన సంబరం చెప్పనలవి కాదు. ఇంగ్లీషులో వచ్చే ఆ పట్టికలు చూడలేక తలనొప్పి పట్టుకుందన్నాడు. “మనిషి మెదడు యాంటెనా లెక్క అమ్మా. సూర్యుడు గరమైతే యాంటెనా గరగర అంటది. దానికి తోడు గీ రైలు తీగల లో ఫ్రీక్వెన్సీ ఒకటి, ఇరవై నాలుగు గంటలు గుంయ్ మంటది.”

“దానికి ఫికర్ చేయకుండ్రి. అది గుంజుకునే డబ్బా నేను చేసిస్తా” అంది విద్యావతి.

చేసిచ్చింది. మందపాటి ఇనుప డబ్బా, నాలుగు మూలలా స్క్రూలు, మీద ఎర్ర బల్బు, పక్కన మీట. మీట నొక్కితే బల్బు వెలుగుతుంది. లోపల ఏముందని ఆయన అడగలేదు. డబ్బా ఎడమ మోచేతి కింద పెట్టుకుని, బల్బు వెలిగితేనే ఆకులోకి చూసేవాడు. ఒకసారి సెల్లు అయిపోయి బల్బు ఆరితే, పొగ కమ్మిందంటూ వచ్చిన మనిషిని వెనక్కి పంపేశాడు.

ఇక సూర్యుడి లెక్క. ప్రతి ఆదివారం విద్యావతి ఏడు వారాల పేర్లు ఏడు చీటీల మీద రాసి, చాయ్‌పత్తా డబ్బాలో కలిపి రెండు తీసేది. ఆ రెండు రోజులూ మెసేజ్ తలకిందులుగా పంపేది. శాంతమైతే తుఫాను, తుఫానైతే శాంతం. మిగతా ఐదు రోజులూ నిజమే. ఎప్పుడు అబద్ధమాడాలో తన కోపం కాకుండా చీటీ చెప్పాలని ఆమె పట్టుదల. సాయంత్రం షాపు మూసి శిష్యురాలిలా ఆయన గదిలో ఓ మూల కూర్చుని, ఆ రోజు ఆయనకు కనబడిందో లేదో రాసుకునేది.

ఎనిమిది నెలలు గడిచాయి. సూర్యుడు నిజంగా ఉరిమినా ఆమె శాంతమని రాసిన రోజులు తొమ్మిది. తొమ్మిది రోజులూ వామన్‌రావుకు అద్దంలో చూసినట్టు కనబడింది. సూర్యుడు కిక్కురుమనకున్నా ఆమె తుఫానని రాసిన రోజులు యాభై తొమ్మిది. ఆ యాభై తొమ్మిది రోజులూ తల పట్టుకుని కణతలు నొక్కుకున్నాడు. ఒక్కరోజు తేడా లేదు. ఆయన చూపుకు తుఫాను వచ్చేదీ పోయేదీ నాంపల్లి గల్లీలోని ఒక ఫోను నుంచి.

ఆ రాతలు చూసుకున్నప్పుడల్లా ఆమెకు అన్నం రుచిగా ఉండేది. నేనేం దాచి చెప్పను, పగలో అంత సుఖం ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. కానీ ఒక సంగతి ఆమె సరిగ్గా ఆలోచించలేదు. డబ్బా, రోజువారీ సూర్యుడి లెక్క వచ్చాక వామన్‌రావు పేరు పెరిగింది. సైన్సు ప్రకారం చూస్తాడని ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. గోతిలో పడేయాలనుకున్న మనిషికి ఆమే మెట్లు కట్టింది.

అది తెలిసొచ్చింది ఒక మంగళవారం. పొద్దున అంకె చూస్తే ఏడు. పెద్ద తుఫాను. షార్ట్‌వేవ్‌లో ఒక్క స్టేషనూ లేదు. కానీ ఆదివారం తీసిన రెండు చీటీల్లో మంగళవారం ఉంది. ‘ఈ రోజు శాంతం’ అని పంపింది. పది నిమిషాలకు ఫోను మోగింది.

“విద్యమ్మా, జర డబ్బా పట్టుకుని నాతోని రావాలె. ఆబిడ్స్‌ల జగన్మోహనరావు సేటు పట్టుచీరల దుకాణం. కుంకుమ భరిణె పోయిందంట, వెండిది. ఊడ్చే మనిషి మీద అనుమానమంట. ఇయ్యాల శాంతమే కదా?”

“ఔ సార్, శాంతమే” అంది. ఊడ్చే మనిషంటే బుజ్జమ్మ. నీళ్ల గ్లాసు తెచ్చిన బుజ్జమ్మ. నోట్‌బుక్కులు సంచిలో వేసుకుని, దాంట్లోనే ఒక స్క్రూడ్రైవర్ పడేసి షట్టరు దించింది.

ఏడాదిన్నర తర్వాత ఆ కొట్టు మెట్లెక్కింది. ముందు వామన్‌రావు, వెనక డబ్బాతో ఆమె. రశ్మి చేతిలోని చీర కింద పడింది. పనివాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. బుజ్జమ్మ గోడవార చీపురు పట్టుకుని ఏడుస్తోంది. రావుగారు కౌంటరు వెనకనుంచి లేచి, “ఈవిడెందుకొచ్చింది ఇక్కడికి?” అన్నాడు.

“మా విద్యమ్మ సేటూ. సూర్యుని లెక్కంత ఈమెదే. బంగారమసుంటి మనిషి. ఈమె లేకుంటే నా అంజనం నడవది” అన్నాడు వామన్‌రావు.

రావుగారి నోరు తెరుచుకుంది. “ఏంటండీ మీరనేది! ఆరోజు మీ అంజనంలో కనపడిన దొంగ ఈవిడే కదండీ!”

వామన్‌రావు వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. ఎనిమిది నెలలుగా రోజూ సాయంత్రం తన ఎదుట కూర్చున్న ముఖం. ఒక్క నిమిషం తడబడ్డా తేరుకున్నాడు. “అందుకే చెప్పిన కదా సేటూ, గా దినం తుఫాను. తప్పు సూర్యునిది. ఇయ్యాల శాంతం, కావాలంటే ఈమెనే అడుగుండ్రి. ఇయ్యాల చూపు పక్కా.”

“చూడుండ్రి సార్. మంచిగ చూడుండ్రి” అంది విద్యావతి.

ఆకు పరిచాడు, దీపం పెట్టాడు, డబ్బా మీట నొక్కాడు. ఎర్ర బల్బు వెలిగింది. వంగి చూసి, “చీపురు కనబడుతున్నది. ముసలి చేయి. కొంగుల ఏదో మూటగట్టుకున్నది” అన్నాడు. బుజ్జమ్మ కింద కూలబడి, “అమ్మవారి సాక్షి బాబూ, నేనెరగను” అని ఘొల్లుమంది.

విద్యావతి ముందుకొచ్చి ఫోను రావుగారి కళ్లెదుట పెట్టింది. “ఇయ్యాల సూర్యుని అంకె ఏడు సార్. పెద్ద తుఫాను. శాంతమని ఈయనకు అబద్ధం చెప్పిన. అందుకే ఈయనకు సాఫ్‌గా కనబడుతున్నది. నేను దొంగనైన దినం అంకె ఒకటి. అసలు తుఫానే లేదు. అరవై ఎనిమిది దినాలు ఈయనకు ఉల్టా చెప్పిన. నేనెట్ల చెప్తే గట్లనే కనబడ్డది. రాసి పెట్టిన, చదువుకోండ్రి.” నోట్‌బుక్కులు కౌంటరు మీద పడ్డాయి.

“నమ్మిన పాపానికి మోసం చేసినవు! సూర్యుడొక్కడే కాదు, తీగల లో ఫ్రీక్వెన్సీ కూడ ఉంటది...” వామన్‌రావు గొంతు లేచింది.

“దానికి డబ్బా ఇచ్చిన కదా సార్? ఎనిమిది నెలల సంది మీ మోచేతి కిందనే ఉన్నది. దాంట్ల ఏమున్నదో ఆకుల చూసి చెప్పుండ్రి. ఊరవతల పోయినవి కనబడే కండ్లకు మోచేతి కిందిది కనబడదా?”

పందొమ్మిది మందీ చూస్తున్నారు. వామన్‌రావు ఆకులోకి వంగాడు. చెమట బొట్టు కాటుకలో పడింది. “రాగి తీగ... అయస్కాంతం... రసాయనమేదో ఉన్నది” అన్నాడు.

విద్యావతి సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి బుజ్జమ్మ చేతికిచ్చింది. “నువ్వు ఇప్పమ్మా.”

బుజ్జమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని నాలుగు స్క్రూలూ విప్పింది. లోపల ఒక సెల్లు, రెండు వైర్లు. అడుగున ఒక బ్యాడ్జీ. రశ్మి అది తీసి పైకి చదివింది. “విద్యావతి. పట్టు సెక్షన్.”

రావుగారి ముఖం పాలిపోయింది. ఆయన ఆమె పక్కకు వచ్చి మెల్లిగా, “జరిగిందేదో జరిగింది విద్యావతీ. రేపట్నుంచి కౌంటర్లోకి రండి” అన్నాడు.

“నేను రాను సార్. గా దినం నన్ను అందరి ముందల నిలబెట్టి అన్నరు. ఇప్పుడు గట్లనే అందరి ముందల చెప్పుండ్రి. పైకి వినబడాలె. సూర్యుని పేరు తీయొద్దు.”

ఆయన కౌంటరు అంచు పట్టుకున్నాడు. “విద్యావతి దొంగతనం చేయలేదు. తప్పు నాది” అన్నాడు. ఆమె కదలకుండా బుజ్జమ్మ వైపు చూపించింది. “బుజ్జమ్మా తీయలేదు” అని కూడా అన్నాడు.

అప్పుడు విద్యావతి బ్యాడ్జీని ఆయన ముందు పెట్టింది. “గా దినం ఇది అడిగిన్రు, నేనియ్యలే. ఇప్పుడు తీసుకోండ్రి. ఈ మాట మా నాయిన ఇనాల్సింది సార్. మీరు ఆలస్యం చేసిన్రు.” బుజ్జమ్మ చేయి పట్టుకుని మెట్లు దిగింది.

కుంకుమ భరిణె ఏమైందో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. వామన్‌రావు నాంపల్లి గది ఖాళీ చేశాడు. గౌలిగూడ వైపు ఎక్కడో బోర్డు పెట్టాడని కొందరు, ఊరు విడిచాడని కొందరు అన్నారు. ఆ పని మానేశాడని మాత్రం ఎవరూ అనలేదు. క్షమించి వదిలేయమని రశ్మి ఒకసారి అంది. విద్యావతి సోల్డరింగ్ కడ్డీ తుడుచుకుంటూ, తనకు అంత మంచితనం లేదని చెప్పింది.

ఈ పొద్దున కూడా తొమ్మిదింటికి షట్టరు ఎత్తి సూర్యుడి అంకె చూసి రాసుకుంది. ఇప్పుడు చీటీలు తీయడం లేదు. వామన్‌రావు నంబరు మార్చలేదు, ఎందుకో మరి. ఈ మధ్య రోజూ పంపే మెసేజే పంపింది. ‘ఆ రోజు సూర్యుడు శాంతంగానే ఉన్నాడు.’ రెండు నీలి టిక్కులు పడేదాకా చూసి, ఫోను కింద పెట్టి పనిలో పడింది.